మేస్త్రీ గారు చేసిన ఒకే ఒక్క తుపాకీ

మేస్త్రీ గారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను దుకాణంలో గజంబద్ద పట్టుకుని ఉన్నాను. గుణదల నుంచి ఆయన బావమరిది సైకిలు మీద వచ్చి గడప కిందే నిలబడి, "తెల్లారేసరికి పోయారండీ. నిద్రలోనే. సాయంత్రం నాలుగింటికి మట్టి చేస్తామండీ. మీకు తప్పకుండా చెప్పి రమ్మంది మా అక్క" అన్నాడు. నేను సరేనని తలూపి, చేతిలో ఉన్న తాను మళ్లీ కొలవడం మొదలుపెట్టాను. మూడుసార్లు కొలిస్తే మూడు రకాలుగా వచ్చింది. ఎదురుగా కూర్చున్న బేరగాడు నా మొహం చూసి, రేపొస్తాలెండి అని లేచి వెళ్లిపోయాడు. ఏడుపు అప్పుడొచ్చింది.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. తెలిసినవాళ్లకి తుపాకుల మేస్త్రీ. గుణదలలో మేరీమాత కొండ దిగువన రెండు గదుల పెంకుటిల్లు. ముందుగదే పనిగది. గోడకి సర్కారు వారి లైసెన్సు కాగితం అద్దం కట్టించి పెట్టుకున్నారు, పక్కనే మాత పటం. రెంటికీ కలిపి ఒకటే దండ. ఇదేమిటండీ అని ఒకసారి అడిగితే, "పైలోకంలో ఆవిడ చూసుకుంటుంది, ఈ లోకంలో పోలీసుల దగ్గర ఈ కాగితం చూసుకుంటుంది. ఇద్దరిలో ఎవరికి కోపం వచ్చినా నాకు పూట గడవదు" అన్నారు. చల్లపల్లి వైపు నుంచి, దివి నుంచి రైతులు పందుల కాపలాకి వాడే తుపాకులు పాడైతే ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. నలభై ఏళ్లు ఆయన చేసిన పని అదే. ఊళ్లోవాళ్ల తుపాకులు బాగుచెయ్యడం, తుడిచి అప్పగించడం.

మాది మంగళగిరిలో మగ్గాల ఇల్లు. నేను నేత వదిలి బెజవాడ వచ్చి బట్టల దుకాణం పెట్టుకున్నాను. నాకు చిన్నప్పటి నుంచీ కాలు ఒక చోట నిలవదు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే మడమ ఆడుతుంది. అలాంటివాడికి గురి చూసి కాల్చే సరదా పట్టడం మా ఇంట్లో అందరికీ నవ్వులాట. పిట్టనో జంతువునో కొట్టడానికి కాదు. కొండ పక్కన మట్టిదిబ్బకి కాగితం అంటించి, దాని మీద నల్లచుక్కని కొట్టే పోటీలు. అక్కడికి వచ్చే పెద్దమనుషుల చేతుల్లో దొరల సీమ నుంచి తెప్పించుకున్న రైఫిళ్లు ఉండేవి. నా దగ్గరున్నది ఇరవైరెండు బోరు పాత రైఫిలు, వెదురుబద్దంత తేలిక. నా గుళ్లు కాగితం నిండా చెల్లాచెదురుగా పడేవి. లోపం తుపాకీదేనని మేస్త్రీ గారి దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా మోకాలి వంక చూశారు. "తుపాకీకేం కాలేదయ్యా. జబ్బు నీది. నీబోటివాడికి గొట్టం బరువుగా ఉండాలి. బరువు గొట్టం వట్టి బద్ధకిష్టి. ఒకచోట కూలబడిందంటే లెమ్మన్నా లేవదు. గురికి కావాల్సింది అదే."

సీమ సరుకు కొనే తాహతు నాకు లేదన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, మనమే చేద్దాం అన్నారు. ఎందుకంత తొందరగా ఒప్పుకున్నారో ఆ రోజు నాకు తెలియలేదు. తర్వాత ఆయన భార్య చెప్పింది. ఆయనకి కంటి నరం ఎండిపోతోందట, ఆపరేషనుతో బాగయ్యేది కాదని డాక్టరు చెప్పేశాడట. నేను అడిగితే ఆయన దాచలేదు. "నలభై ఏళ్లు ఒకరి సొమ్ము బాగుచేశాను. నాదని చెప్పుకోడానికి ఒక్కటి చేసి, అది ఎలా కొడుతుందో చూసుకుని కళ్లు మూసుకుంటే చాలు. ఈ కళ్లు నాకంటే ముందే మూసుకునేట్టున్నాయి, అదీ నా ఆదుర్దా" అన్నారు.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టిన రోజులు తక్కువ. కాలవల శాఖలో పనిచేసి సీమకి వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర లావుపాటి గొట్టం దొరికింది, దాన్ని బిగించిన కర్రని చెదలు తినేశాయి. చల్లపల్లి దగ్గర ఒక రైతు గారి అటక మీద పనికిరాని రైఫిలు నుంచి గుండుని పేల్చే గుర్రం, వేలితో నొక్కే మీట వచ్చాయి. లైసెన్సు కాగితాల కోసం బందరు కచేరీకి ఎన్నిసార్లు తిరిగానో నాకే గుర్తులేదు. చర్చిలో పాడైన హార్మోనియం స్ప్రింగొకటి మీట కిందకి వెళ్లింది. గురి చూసే బెజ్జానికి లాంతరు ఇత్తడి ముక్క సరిపోయింది. నేను రోజూ సాయంత్రం వెళ్లి అయిందా అని అడిగేవాణ్ణి. "అన్నం ఉడికిందా లేదా అని మూత తీస్తూ కూర్చుంటే ఆవిరంతా పోతుంది, వెళ్లి నీ బట్టలమ్ముకో" అని తరిమేవారు.

కర్ర దగ్గర పని ఆగింది. మన ఊళ్లో కాలవలకి నీళ్లొదిలితే తలుపులు బిగుసుకుంటాయి, ఎండాకాలం వదులవుతాయి. కర్ర అలా ఊపిరి పీలుస్తుంటే గొట్టాన్ని ఏదో ఒక వైపు నెడుతుంది, గురి తప్పుతుంది. మా ఇంట్లో నాన్న మగ్గం నూలు దొరక్క రెండేళ్లుగా ఆగి ఉంది. నేసిన బట్టని చుట్టే పాత టేకు దూలం దానికి ఉంది. చెబితే మేస్త్రీ గారి మొహం వెలిగింది. "ముప్పై ఏళ్లు గంజీ నూనే తాగిన కర్ర. అది ఇక కదలదు" అన్నారు. కానీ నన్ను తెమ్మనలేదు. తనే మంగళగిరి వచ్చి, మా అమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అన్నం పెట్టిన కర్ర తుపాకీకా అండీ?" అంది అమ్మ.

"కాగితాన్ని తప్ప దేన్నీ కొట్టదమ్మా. మీరు వద్దంటే ఇప్పుడే వెళ్లిపోతాను."

అమ్మ లోపలికి వెళ్లి పసుపు గిన్నె తెచ్చింది. దూలానికి రాసి, బొట్టు పెట్టి ఇచ్చింది. చెక్కేటప్పుడు ఆ పసుపు ఉన్న వైపు ఆయన ఉలి పెట్టలేదు. చెంప ఆన్చే చోట అది ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది.

తుపాకీ తయారై ఒకటి రెండుసార్లు ఊరికే కాల్చి చూశామో లేదో వానలు పట్టుకున్నాయి. అసలు పరీక్ష వానలు వెళ్లాక అనుకున్నాం. దాన్ని నాకు అప్పగిస్తూ, "లోపల తుడవడానికి పాత పంచె గుడ్డే వాడు, బాగా ఉతికింది" అన్నారు. గుడ్డ గురించి నేతవాడి కొడుక్కి చెప్పడమేమిటని లోలోపల నవ్వుకున్నాను. ఆ వారమే నేను సరుకు కోసం రాజమండ్రి బయల్దేరాలి. రైలుకి టైమవుతోంది. దుకాణంలో కొత్త తాను కత్తిరించగా మిగిలిన ముక్క తెల్లగా, శుభ్రంగా కనబడింది. దానికే నూనె రాసి గొట్టంలో దూర్చి లాగాను. దుమ్ము పోకుండా మూతికి అదే గుడ్డ బిరడాలా కుక్కి పరుగెత్తాను.

మూడు వారాల తర్వాత వచ్చి బిరడా లాగితే పులిసిన గంజి వాసన కొట్టింది. మగ్గం మీద నుంచి దిగిన బట్టలో గంజి ఉంటుందని మా ఇళ్లలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆ గంజి వానాకాలపు తేమనంతా పీల్చి గొట్టం మూతిలో తుప్పు పట్టించింది. వెలుతురుకి ఎత్తి చూస్తే లోపల గోధుమరంగు మచ్చలు. గంజి చేతుల్లో పుట్టి పెరిగినవాణ్ణి, నేను చేసిన పని అది.

అప్పటికి మేస్త్రీ గారికి చూపు బాగా తగ్గింది. ఎదుటి మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటున్నారు. వెళ్లగానే, "గొట్టం ఎలా ఉంది?" అన్నారు.

"అద్దంలా ఉందండీ" అన్నాను.

ఎందుకన్నానో ఈ రోజుకీ నాకు తెలియదు. నోటికి అదే వచ్చింది. తీసుకురమ్మంటే పని ఒత్తిడని, వాననీ పది రోజులు తప్పించుకు తిరిగాను. ఆ పది రోజులూ దుకాణం వెనక కూర్చుని దాన్ని రుద్దుతూనే ఉన్నాను. అన్నం సహించలేదు. చివరికి ఒక మధ్యాహ్నం జట్కా వచ్చి దుకాణం ముందు ఆగింది. భార్య చెయ్యి పట్టుకుని ఆయన దిగారు.

కూర్చుని తుపాకీ అడిగారు. జేబులోంచి పాత పంచె గుడ్డ తీసి ఊచకి చుట్టి, గొట్టంలోకి మెల్లిగా తోశారు. సగం దాకా వెళ్లింది. ఇంకా వెళ్లింది. చివర్లో చెయ్యి ఆగింది. మళ్లీ లాగి మళ్లీ తోశారు.

"మూతి దగ్గర నాలుగు వేళ్ల మేర గరుకు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "గంజి గుడ్డ పెట్టారా?" అన్నారు.

నన్ను ఎప్పుడూ నువ్వు అనే మనిషి. అవునండీ అన్నాను.

"తుప్పుకి నాకు బాధ లేదండీ. నేనూ పట్టించిన రోజులున్నాయి. అద్దంలా ఉందన్నారే, అదండీ" అన్నారు. ఆవిడ చీరకొంగు సర్దుకుంటూ వీధి వైపు చూస్తూ ఉండిపోయింది.

తుపాకీ పట్టుకెళ్లి, పాడైన ఆ నాలుగు వేళ్ల మేరా కోసేశారు. మళ్లీ మూతి అంచు చుట్టూ సమంగా రావాలి, వెంట్రుకవాసి తేడా ఉన్నా గుండు పక్కకి పోతుంది. కళ్లు లేకుండా ఆ పని ఎలా చేస్తారని నా భయం. ఆయన నా దగ్గర సన్నటి నూలుపోగు ఒకటి అడిగి తీసుకున్నారు. అంచు మీద దాన్ని మెల్లిగా లాగేవారు. ఎక్కడ పోగు తట్టుకుంటే అక్కడ మరి కాస్త అరగదీసేవారు. నేను గొట్టం కదలకుండా పట్టుకోవాలి. "కదలకండి" అనేవారు, అంతే. అన్ని వారాల్లో నాతో ఇంకో మాట లేదు. నాకేమో ఆయన తిట్టినా బాగుండేదనిపించేది. మోకాలు ఆడకుండా పళ్లు బిగబట్టి కూర్చునేవాణ్ణి.

ఇక ఆ ఉదయం సంగతి. ఇదంతా రాస్తున్నది దానికోసమే. ఆవిడ ఆయన్ని మట్టిదిబ్బ దగ్గరికి జట్కాలో తీసుకొచ్చి ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. గాలి లేదు. యాభై గజాల దూరంలో కాగితం. అయిదు గుళ్లు కాల్చాను. ఆ బరువు గొట్టం నిజంగానే బద్ధకంగా కూర్చుంది. వెళ్లి చూస్తే కాగితం మీద ఒకటే రంధ్రం, అంచులు చిరిగి. వెనక్కి తిప్పి కూడా చూశాను. పరుగెత్తుకుంటూ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన వేళ్లతో కాగితమంతా తడిమారు. మళ్లీ తడిమారు. మొహం వాడిపోయింది. "ఒకటే తగులుతోంది. తక్కిన నాలుగూ కాగితం దాటిపోయాయా?"

"లేదండీ! అయిదూ అందులోంచే వెళ్లాయండీ!"

ఆయన తలెత్తారు. "అద్దంలా ఉందాండీ?" అన్నారు.

ఆవిడ, "నేను చూస్తున్నా కదండీ, నిజమే చెబుతున్నాడు" అంది. "నీకు వాడంటే జాలి, నువ్వు చెప్పకు" అన్నారాయన. కాసేపు ఆలోచించి, "కొత్త కాగితం పెట్టించండి. ఒక్కటంటే ఒక్కటే కాల్చండి" అన్నారు.

కాల్చాను. మోకాలు ఆడినా గొట్టం ఆడలేదు. ఆ కాగితం తెచ్చి ఇచ్చాను. ఒక్క గుండు చేసిన ఆ చిన్న రంధ్రంలో చిటికెన వేలు పెట్టబోయారు, దూరలేదు. మొదటి కాగితం ఒళ్లోకి తీసుకుని దాంట్లో పెట్టారు. వేలు మొదటి కణుపు దాకా దిగింది. అలాగే ఉంచి గుండ్రంగా తిప్పారు, అంచు పొడుగునా, మెల్లిగా, పోగు లాగినట్టే. ఆవిడ ముక్కు చీదుకోవడం వినిపించింది.

"కొట్టిందిరా" అన్నారు. "నువ్వు కొట్టావురా."

తుపాకీ ముట్టుకోమన్నా ముట్టుకోలేదు, దాని పని అయిపోయింది అన్నారు. ఆవిడ జట్కా ఎక్కించింది. కాలవగట్టు మీదికి వెళ్లగానే గాలి లేచింది. "మడిచి ఇలా ఇవ్వండి, చిరిగిపోతుంది" అని ఆవిడ అనడం వినిపించింది. ఆయన ఇవ్వలేదు. బండి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. కాగితం ఆయన మోకాలి మీద గాలికి టపటపా కొట్టుకుంటోంది, చిటికెన వేలు మాత్రం ఆయన దాంట్లోంచి తియ్యలేదు.