యాంప్లిఫైయర్ ఆన్‌లో ఉందా

చివరి రోజు పొద్దున బాబాయి చేసిన పని ఒక చిన్న డబ్బాకి మూత బిగించడం. నాలుగు స్క్రూలకి మూడే దొరికాయి. నాలుగోదాని కోసం సోఫా కింద వెతికి, దొరక్క, "ముక్కాలిపీట నిలబడట్లేదూ?" అని తనకు తానే సర్దిచెప్పుకుని చెప్పులేసుకున్నాడు. మధ్యాహ్నం దుకాణంలో, విప్పిపెట్టిన స్పీకరు ముందు, కుర్చీలోనే గుండె ఆగిపోయింది.

నలభై ఏళ్లు మోగనివాటిని మోగించడమే ఆయన పని. రేడియోలు, టేపురికార్డర్లు, తర్వాత హోమ్ థియేటర్లు. పేటలో సౌండాయన అంటే చాలు, ఇల్లు చూపించేవారు. మా నాన్నకి తమ్ముడు. మాకు రెండు వీధుల అవతల పిన్నీ ఆయనా ఉండేవారు.

పిన్నికి సినిమాలంటే ప్రాణం. కంటినరం ఎండిపోతోందనీ, పోయిన చూపు రాదనీ డాక్టరు చెప్పాక వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఎనిమిదో రోజున "సరేలెండి, ఇన్నాళ్లూ చూశాను. ఇకనుంచి వింటాను" అంది. ఒక్కటే పంతం పట్టింది. ఆయన ఇంట్లో లేనప్పుడు సినిమా పెట్టిపెట్టమని ఎవర్నీ పిలవదట. "మీ అన్నగారి అమ్మాయినైనా సరే" అని నా ఎదురుగానే అంది.

అందుకని బాబాయి అన్నిటికీ కలిపి ఒకే బటన్ పెట్టాడు. నొక్కితే టీవీ, యాంప్లిఫైయర్ రెండూ మేల్కోవాలి. చిక్కల్లా ఆ పాత యాంప్లిఫైయర్‌తోనే. ఆన్ చేయడానికీ, ఆపడానికీ దానికి రిమోట్ సంకేతం ఒకటే. ముందే ఆన్‌లో ఉంటే, నొక్కగానే ఆగిపోతుంది. ఒకరోజు ఆయన పాటలు విని, దాన్ని ఆపడం మరిచిపోయి దుకాణానికి వెళ్లాడు. పిన్ని బటన్ నొక్కింది. టీవీ వచ్చింది, సౌండు పోయింది. ఆయన తిరిగొచ్చేసరికి మసకమసగ్గా కదిలే బొమ్మల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎంతసేపయింది?"

"ఏమో. హీరోకి పెళ్లయి పిల్లలు కూడా పుట్టేసి ఉంటారు."

ఆమె నవ్వింది కానీ ఆయన నవ్వలేదు. మర్నాటినుంచి ఆయనకి అదొక్కటే ధ్యాస: యాంప్లిఫైయర్ ఆన్‌లో ఉందో లేదో డబ్బా తనంతట తాను తెలుసుకోవాలి.

కొత్త యాంప్లిఫైయర్ కొనెయ్యమన్నాను. "ఏమే పుస్తకాలూ, ఒక వాక్యం కుదరకపోతే కొత్త కథ కొనుక్కొచ్చుకుంటావా?" అన్నాడు, నేను కథలు రాస్తానని.

ముందు యాంప్లిఫైయర్ దీపం మీద వెలుతురు పసిగట్టే సెన్సరు అతికించాడు. దీపం వెలిగితే ఆన్. సాయంత్రం నాలుగింటికి కిటికీలోంచి ఎండ పడగానే, ఆగి ఉన్న యాంప్లిఫైయర్‌ని కూడా డబ్బా ఆన్ అనుకుంది. అది పీకేసి కరెంటు తీగకి చిన్న కాయిల్ తొడిగాడు. తీగలో ఎంత కరెంటు పారుతోందో అది బయటినుంచే చెబుతుంది, వైద్యుడు నాడి చూసినట్టు. పాట పెట్టి కొలిచి, ఆ లెక్కకి కాస్త కిందగా ఒక హద్దు పెట్టాడు. కరెంటు హద్దు దాటితే ఆన్, దాటకపోతే ఆఫ్. టీవీ నడుస్తున్నంతసేపూ డబ్బా మధ్యమధ్యలో నాడి చూసి, ఆఫ్ అనిపిస్తే సంకేతం పంపేది.

ఆయన ఎదుట ఉంటే అంతా బాగానే నడిచేది. పిన్ని ఒక్కతే ఉంటే మాట మధ్యలో సౌండు పోయేది, కాసేపటికి మళ్లీ వచ్చేది.

"నేనుంటే బుద్ధిగా ఉంటుంది, నీ దగ్గరే మొరాయిస్తోంది."

"చేసినవాళ్ల బుద్ధులే వస్తాయండీ, నేనేం చెయ్యను?"

ఒక ఆదివారం ఆయన మీటరు పట్టుకుని నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "నువ్వెలా వింటావో అలాగే పెట్టు" అన్నాడు. పిన్ని పెట్టింది. గుసగుసకి కాస్త ఎక్కువ, అంతే. మీటరు ముల్లు హద్దుకి చాలా కిందే ఉండిపోయింది. తప్పు అక్కడుంది. ఆయన కొలిచింది తను పెట్టుకునే వాల్యూములో. కిటికీ అద్దాలు అదిరే వాల్యూములో. పిన్ని ఇంత మెల్లగా వింటుంటే డబ్బా యాంప్లిఫైయర్ ఆగిందనుకుని, దాన్ని తనే ఆపేస్తోంది.

"నీకిది వినబడుతోందా అసలు?"

"వినబడకపోతే ఎందుకు కూర్చుంటాను?"

బాబాయి మళ్లీ మీటరు చేతిలోకి తీసుకున్నాడు. యాంప్లిఫైయర్ ఆన్‌లోనే ఉంచి, పాటే లేనప్పుడు కొలిచి హద్దు దించాడు. దించాక మూడు వారాలు పరీక్షించి, ఇక ఫరవాలేదనుకుని మూత బిగించింది ఆ చివరి రోజు పొద్దునే.

ఆయన పోయిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక డబ్బా పనిచేయలేదు. పక్కింటావిడ ఫోన్ చేసి చెబితే పరుగెత్తుకెళ్లాను. పిన్ని తీరిగ్గా సినిమా వింటోంది.

"ఎలా పెట్టుకున్నావు పిన్నీ?"

"పాత రిమోట్లు తీశాను. టీవీ వెలుతురు ఎలాగూ తెలుస్తుంది. యాంప్లిఫైయర్ ఆన్‌లో ఉంటే సన్నగా గుంయ్‌మంటుంది కదా. గుమ్మంలోంచే తెలిసిపోతుంది."

సినిమా ఆపించి చెవి ఒగ్గాను. నిజమే. లోపలి ట్రాన్స్‌ఫార్మరు సన్నగా మూలుగుతోంది.

"నీకిది ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్లో తెలిసేది కాదు. ఆయన డబ్బా మొదలెట్టిన నెలకో ఏమో, చెవి అలవాటుపడింది."

"మరి బాబాయికి ఒక్కమాట చెప్పొద్దూ? నాలుగు నెలలు ఆ తీగలతో కుస్తీ పట్టాడు!"

పిన్ని చీరకొంగు మోకాలిమీద సవరించుకుంది.

"ఎలా చెప్పనే? దానికి చెవి ఆనించినంత దగ్గరగా కూర్చునేవారు. అది ఆయనకి వినబడేది కాదు."