బోణీ కాని పొద్దున పుట్టగొడుగులు

పక్కింటి పొయ్యి మీద కొబ్బరిపాలు కాగే వాసన మా కొట్టులోకి వచ్చిందంటే ఇప్పటికీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు. ఎదుటి ఆసామి బెల్లం ధర తగ్గించమంటే తగ్గించేస్తాను, ఆ తరవాత రోజంతా నన్ను నేనే తిట్టుకుంటాను.

పాలకొల్లు బజారులో మా నాన్నగారిది ఉప్పూ పప్పూ అమ్మే కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్య ఒక నడవ. ఒక ఏడు ఎండాకాలం చివర్లో నాయనమ్మకి జ్వరం వచ్చి తగ్గింది గాని, నోరు చచ్చిపోయింది. గంజి తెస్తే తల తిప్పేసేది, చారు వాసనకే ముసుగు పెట్టేసేది, మనిషి రోజురోజుకీ మంచానికి అంటుకుపోతోంది. ఏం తింటారని అమ్మ బతిమాలితే, "ఉరమనీ, చెప్తాను" అనేది. పుట్టగొడుగులు కొబ్బరిపాలు పోసి వండాలట. అవేమో ఉరిమితే గాని పుట్టవు. ఇంటిల్లిపాదీ మబ్బుకేసి చూడ్డమే పనైపోయింది.

ఎట్టకేలకు ఉరిమింది. తెల్లారగట్లే కాలవగట్టు పుట్టల మీద ఏరిన మొగ్గల్ని తట్టలో చేమాకుల కింద దాచి, సూరమ్మ మా అరుగు ముందు దింపింది. ఆవిడకి డబ్బు అక్కర్లేదు, ఉప్పు కావాలి. సోలెడు అడిగితే నాన్నగారు గిద్దెడు దగ్గర మొదలెట్టి, గొడుగులు ముసలివన్నారు, మట్టే ఎక్కువన్నారు, చివరికి సోలెడుకే ఒప్పుకుని, కొలవబోతూ ఆగిపోయారు. బోణీ కాలేదు. పొద్దుటి మొదటి డబ్బు గల్లాలో పడకుండా మా ఉప్పు గడప దాటకూడదు. సరుక్కి సరుకు ఇచ్చుకోవడం బోణీ కిందికి రాదు.

"కాస్త కూర్చో సూరమ్మా, ఎవరో ఒకరు వస్తారు."

"నేను కూర్చుంటానండి. అయ్యి కూర్చోవు కదండీ, ఇచ్చుకుపోతన్నాయి."

వీధంతా బురద, ఒక్క బేరగాడూ లేడు. వెనక అమ్మ కొబ్బరిపాలు పిండేసి కూర్చుంది. నేను నడవలో అటూ ఇటూ పరిగెత్తి, ఎన్ని గొడుగులు విచ్చుకున్నాయో ఇద్దరికీ చెప్పి, ఇద్దరిచేతా తిట్లు తింటున్నాను. చివరికి సూరమ్మ తట్ట ఎత్తబోయింది.

అప్పుడు గోడ పట్టుకుని నాయనమ్మ వచ్చింది.

"ఏం అబ్బాయ్, ఉప్పెలా ఇస్తున్నావు?"

నాన్నగారు తెల్లబోయారు. "సోల కాణీ అమ్మా."

"చెమ్మెక్కిన ఉప్పుకి కాణీయా?"

"చెమ్మెక్కడుందమ్మా, చేత్తో చూడు." కన్నతల్లితో బేరమైనా మా వంశంలో ఎవరూ వదులుకోరు. ఆ కాసేపట్లోనే నాయనమ్మ గొంతులో జీవం వచ్చింది. ధర తగ్గలేదు గాని, గుప్పెడు కొసరు పిండుకుని, రొంటిన ముడి విప్పి కాణీ గల్లా మీద పెట్టింది. సోలెడూ సూరమ్మ కొంగులో పోయించి, "కొసరు మా కూరలోకి" అంది.

కాడల మట్టి గీకి, కడిగి, చీల్చి, మగ్గిన ఉల్లిపాయల్లో వేసి, ఊరిన నీళ్లన్నీ ఇగిరాక, పసుపూ పచ్చిమిరపకాయలూ ఆ కొసరు ఉప్పూ వేసి, పల్చటి పాలలో ఉడికించి, ఆఖరున చిక్కటి పాలు పోసింది అమ్మ. మరిగితే విరిగిపోతాయని కట్టెలు వెనక్కి లాగి, గరిటె ఆపకుండా తిప్పుతూనే ఉంది. మీగడలా గరిటెకి పట్టుకున్నాక దించింది. నాయనమ్మ అన్నం కలుపుకుని, మారు వడ్డించుకుంది.

ఇప్పుడు కాలవగట్టు మీద పుట్టలు లేవు, తవ్వి చదును చేసేశారు. సూరమ్మ పోయింది, తట్టతో ఇంకెవరూ రారు. అయినా ఉరిమిన మర్నాడు చీకటితోనే కొట్టు తెరిచి, నా కాణీ నా గల్లాలోనే వేసుకుని, నాతో నేను బేరమాడి కొన్న సోలెడు ఉప్పు అరుగు మీద పెట్టుకుని వీధి చివరికి చూస్తుంటాను. కొసరు మాత్రం నాకు నేను ఇంతవరకూ ఇచ్చుకోలేకపోయాను.