పది లెక్కపెట్టించే టీచరు

ఆవిడంటే నాకు మొదటి రోజు నుంచీ పడలేదు. ఇప్పుడూ పడదు. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇదేదో గురుభక్తితో రాస్తున్నాననుకుంటారు.

పాత పోస్టాఫీసు మేడ మీద ఒక గది, నాలుగు పొడుగాటి బల్లలు, ఎంత తుడిచినా మరకలు పోని బోర్డు. బయటి దేశాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన పంతొమ్మిది మందికి ఆవిడ అక్కడ ఇక్కడి భాష నేర్పేది. మాలో అక్షరం ముక్క రానివాళ్ళున్నారు, పేపరు గడగడా చదివేసేవాళ్ళూ ఉన్నారు. నేను రెండో రకం. మా దేశంలో పదకొండేళ్ళు నర్సుగా చేశాను. ఇక్కడికొచ్చాక ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతున్నాను. భాషా పరీక్ష పాసైన కాగితం చూపిస్తే గానీ వార్డులోకి రానివ్వరు. పెద్ద నర్సు నా మీద దయతలచి, ఫలితాలు వచ్చేదాకా ఒక ఉద్యోగం ఆపి ఉంచుతానంది. ఆ కాగితం కోసమే రోజూ పని దిగి, నానిపోయిన చేతులతో ఆ మేడ మెట్లెక్కేదాన్ని.

టీచరుకి యాభై దాటాయి. కురచ జుట్టు, ఎండాకాలంలో కూడా వదలని బూడిదరంగు స్వెట్టరు. తప్పు చెబితే తప్పంటుంది. ఒప్పు చెబితే తరవాతి ప్రశ్న అడుగుతుంది. ఎనిమిది నెలల్లో ఆవిడ నోట 'భేష్' అన్న మాట నేను వినలేదు.

ఆవిడ క్లాసుకో నియమం ఉంది. ప్రశ్న అడగగానే, జవాబు తెలిసినవాళ్ళు అరచెయ్యి బల్లమీద బోర్లించి మనసులో పది దాకా లెక్కపెట్టాలి. ఈలోగా రానివాళ్ళు తంటాలు పడాలి. పది అయ్యాక కూడా ఎవరూ పలక్కపోతే, అప్పుడే మనం నోరు విప్పాలి. నా పక్కన కావాలనే ఒక వంటావిడని కూర్చోబెట్టింది. హాస్టల్లో వంట చేసే పెద్దావిడ, బడి మొహం చూడలేదు, మంచి మనిషి. పిన్నీ అని పిలిచేదాన్ని. కానీ ఆవిడ ఒక్క వాక్యం కూడగట్టుకునేసరికి నాకు ప్రాణం విసిగిపోయేది.

మొదటి వారం ఆగలేక నేనే చెప్పేశాను. టీచరు సుద్దముక్క కింద పెట్టి, పంతొమ్మిది మంది ముందూ అంది.

"నీ నోరు నీది. పక్కావిడ నోరు కూడా నీదేనా?"

ఒళ్ళు మండిపోయింది. ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పి ఏడిస్తే, పదే కదా, వంద అనలేదు, సంతోషించమన్నాడు. ఆ రోజు ఆయనకీ నాకూ మాటల్లేవు.

ఇంకోసారి నేరుగానే అడిగాను, వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ విడివిడిగా చెప్పొచ్చు కదా అని. ఉన్నది ఒక గది, గంటన్నర టైము, తనొక్కతే మనిషి అంది. అక్కడితో ఆగితే బాగుండేది. చిన్నప్పుడు తననెవరు ఏమడిగినా వాళ్ళక్కే జవాబు చెప్పేసేదట, పద్నాలుగేళ్ళు వచ్చేదాకా తన గొంతు ఎలా ఉంటుందో తనకే తెలియదట. అయితే మీ అక్క మీద కోపం మా మీద తీర్చుకుంటున్నారా అని అడిగాను. టీచరు నన్నోసారి చూసి, తరవాతి ప్రశ్న అడిగింది.

అలా తిట్టుకుంటూనే ఎనిమిది నెలలు లెక్కపెట్టాను. పరీక్ష వచ్చింది. రాసేది బాగా రాశాను. మాట్లాడే పరీక్షకి ఇద్దరిద్దరిని కలిపి కూర్చోబెడతారు, ప్రశ్న ఇద్దరికీ కలిపి వేస్తారు, మార్కులు ఎవరివి వాళ్ళవే. నా జత వంటావిడే. పరీక్ష పెట్టే ఆయన, కొత్త ఊళ్ళో మీకు ఏది కష్టమనిపించింది అని అడిగాడు. నా దగ్గర జవాబు కాదు, ఉపన్యాసమే ఉంది. కానీ పక్కన పిన్ని ఊపిరి వినిపించగానే నా చెయ్యి దానంతటదే వెళ్ళి బల్లమీద బోర్లా పడింది. ఒకటి, రెండు, మూడు. ఆరు దగ్గర పిన్ని అందుకుంది. తడబడుతూనే, బజారు గురించీ బస్సు గురించీ చెప్పుకుపోయింది. ప్రతి ప్రశ్నకీ అదే తంతు. నాకు తెలిసేసరికి గంట కొట్టారు.

పిన్ని పాసైంది. నేను మాట్లాడేదాంట్లో రెండు మార్కుల తేడాతో పోయాను. 'అడిగితే తప్ప మాట్లాడదు' అని రాశారు. జన్మలో నా గురించి ఎవరూ అనని మాట అది. మళ్ళీ పరీక్ష ఆరు నెలలకి. పెద్ద నర్సు అన్నాళ్ళు ఆగలేనంది, ఆవిడని తప్పుపట్టలేను. తప్పెవరిదో నాకు తెలుసు. అడ్రసు కనుక్కుని, కడిగేద్దామని ఆదివారం పొద్దున్నే టీచరింటికి వెళ్ళాను.

తలుపు తీసి లోపలికి రమ్మంది. చిన్న గది. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఒక ముసలావిడ, ఒళ్ళో తువ్వాలు, మూతి ఒక పక్కకి వంగి ఉంది. పక్షవాతమని చూడగానే తెలిసింది. వచ్చిందే పోట్లాటకైనా, పదకొండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఎలా ఉన్నారమ్మా అని ఆవిణ్ణి పలకరించాను.

"బాగానే ఉంది. మా అక్క," అంది టీచరు.

టీ తాగారా అని మళ్ళీ ఆవిణ్ణే అడిగాను.

"తాగింది," అంది టీచరు, నావైపు కుర్చీ జరుపుతూ.

అప్పుడు నాకు వచ్చిన కోపం మార్కులు పోయినప్పుడు కూడా రాలేదు. ఎదురుగా ఉన్న బల్లమీద అరచెయ్యి దభీమని బోర్లించాను.

"మీ నోరు మీది. మీ అక్క నోరు కూడా మీదేనా? లెక్కపెట్టండి టీచరుగారూ, పది."

ఆవిడ జరుపుతున్న కుర్చీ వదిలేసింది. నేను ముసలావిడ వైపు తిరిగి, టీ తాగారా అని నెమ్మదిగా ఇంకోసారి అడిగాను. నాలుగు, అయిదు. పెదవి కదిలింది. ఏడు. గొంతులో ఏదో గరగరలాడింది. పది అయిపోయింది. టీచరు నోరు తెరవబోయింది. నేను చెయ్యి తియ్యలేదు. పదమూడో పద్నాలుగో అయ్యాక ముసలావిడ చెల్లెలివైపు చూసి అంది.

"లే...దు."

టీచరు గోడకి ఆనుకుని నిలబడింది. రెండేళ్ళయిందంది, అక్క మాట విని. డాక్టర్లు ఇక రాదన్నారట, అందుకని అడగడం మానేసిందట. నేను బల్లమీద నుంచి చెయ్యి తీశాను.

ఆవిడ వంటగదిలోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది. అక్కడి నుంచే, నావైపు తిరక్కుండా మాట్లాడింది.

"పరీక్షలో లెక్కపెట్టకూడదు. ఆ మాట నీకు చెప్పలేదు నేను."

"చెప్పలేదు," అన్నాను.

"నా తప్పే."

ఆ మాట అనిపించడానికే బస్సెక్కి వచ్చాను. అనిపించాక చూస్తే, దాంతో నాకు వార్డు తలుపు తెరుచుకోదు. మర్నాడు మళ్ళీ దుప్పట్లే.

టీ మూడు కప్పుల్లో తెచ్చింది. అక్క ముందు కప్పు పెట్టి, పంచదార ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది. అడిగి, పక్కనే కూర్చుని, బల్లమీద అరచెయ్యి బోర్లించింది. నా టీ చల్లారిపోయింది. ఆవిడ చెయ్యి ఇంకా తియ్యలేదు.