నాలుగో కొవ్వొత్తి వెలిగించే లోపు

నా భార్య మెడ మీది గడ్డలోంచి తీసిన ముక్క రిపోర్టు, నెహ్రూ నగర్‌లో ఒక ల్యాబ్ కౌంటర్ మీది పెట్టెలో ఇరవై రోజులు పడి ఉంది. వారం వారం వెళ్ళి అడిగాను. వారం వారం లేదన్నారు. ఆ పెట్టె నా చేతికి అందేంత దూరంలోనే ఉండేది.

పోయిన నవంబరు ఆఖర్లో డాక్టరు ఆ ముక్క తీయించి, వారంలో తెలుస్తుందన్నాడు. ఏం తెలుస్తుందో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. ల్యాబ్ వాళ్ళిచ్చిన రసీదు నా చొక్కా జేబులోనే ఉండిపోయి ఉతుకులో ముద్దయిపోయింది. ఫోన్ నంబరు రాయమంటే నేను రాయలేదు. రోగానికీ నంబరుకీ ఏం సంబంధమని గట్టిగానే అడిగాను.

ఆ వారం ఆదివారంతోనే ఆగమన కాలం మొదలైంది. మా తెలుగు చర్చిలో క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ, వారానికొక కొవ్వొత్తి, ఒక్కో కుటుంబం వచ్చి వెలిగిస్తుంది. చీటీలు తీస్తే మాకు నాలుగోది వచ్చింది. మొదటి ఆదివారానికల్లా అందరి గుమ్మాల ముందూ నక్షత్రం వేలాడుతుంది. మాది అటక మీద అట్టపెట్టెలోనే ఉంచేశాను. రాబోయే కబురేదో తెలీకుండా దీపాలెలా పెట్టను?

"నా గొంతు సంగతి నక్షత్రానికేటి తెలుసయ్యా? కట్టు," అంది మా ఆవిడ.

"రిపోర్టు రానీ."

"ప్రభువు వస్తాడంటే కనిపెట్టుకుని ఉంటావు గానీ, కాగితం వస్తాదంటే ఉండలేవేటి?"

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. తెలుగు చదవడం చర్చి పాటల పుస్తకంలో నేర్చుకున్నాను, హిందీ మా ఉక్కు ప్లాంటు గోడల మీది హెచ్చరికల్లో. ముప్పై నాలుగేళ్ళు అక్కడ బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల మీద నడిచాను. కింద నిప్పు, నడుమ చెక్క చెప్పులు. అక్కడ రాని భయం ఆవిడ అన్నం మింగుతుంటే వచ్చేది. ముద్ద గొంతు దిగిందా లేదా అని చూసేవాణ్ణి.

"ఏటలా చూస్తావు? నా గొంతులో సినిమా ఆడతందా?"

నవ్వలేకపోయేవాణ్ణి. పెరట్లో ఆవిడ దగ్గితే నా చేతిలో టీ గ్లాసు ఆగిపోయేది. పిల్లలకి చెప్పొద్దంది, చర్చిలో చెప్పొద్దంది. మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలీదని ఒక మధ్యాహ్నం తట్టింది. లేచి వెతికాను. దొరికింది. దొరికినందుకు ఇంకా భయమేసింది.

సోమవారం సోమవారం మేముండే కుమ్హారి నుంచి షేర్ ఆటోలో వెళ్ళేవాణ్ణి. కౌంటర్లో ఉన్నది మన తెలుగు పిల్లే. ఈ హిందీ ఊళ్ళోనే పుట్టింది, నోటికి ముందు హిందీ వస్తుంది. నేను పేరు చెప్తే పెట్టెలోని కవర్లు వేలితో తిరగేసేది.

"నహీ ఆయా, ఇంకా రాలేదు తాతగారూ."

రెండోసారీ అదే మాట. మూడోసారి మాత్రం, "ఇస్ నామ్ సే, ఈ పేరు మీద లేదు. అమ్మమ్మగారికి ఇంకో పేరుందా? ఘర్ కా నామ్, ఇంట్లో పిలిచే పేరు?" అనడిగింది.

"మనిషికెన్ని పేర్లుంటాయమ్మా? మీ ల్యాబ్‌లో వాళ్ళకి రెండేసి ఉంటాయేటి?" అన్నాను. వెనక లైన్లో ఎవరో నవ్వారు. గెలిచినట్టే అనిపించింది.

ఆటో ఎక్కాక ఆ గెలుపు నిలవలేదు. ముక్క పారేసైనా ఉండాలి, చెడ్డ కబురు చెప్పలేక దాస్తూ అయినా ఉండాలి. రెండోదేననుకున్నాను.

ఆ బుధవారం పాస్టరమ్మ వచ్చి, కొవ్వొత్తి మా ఆవిడే వెలిగించాలని చెప్పి వెళ్ళింది. సాయంత్రం ఆవిడ అద్దం ముందు నిలబడి, మెడ కనబడకుండా కొంగు ఎలా కప్పుకోవాలో చూసుకుంటోంది. గుమ్మంలోంచి చూసి చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

ఇక ఊరుకోదలచుకోలేదు. ముసలివాళ్ళ ప్రాణమంటే మీకు ఆటగా ఉందా అని హిందీలో ఒక పేజీ ఫిర్యాదు రాశాను. సాక్ష్యంగా, వైద్యానికి ప్లాంటు వాళ్ళు మా ఆవిడకిచ్చిన మెడికల్ బుక్ జిరాక్సు జత చేశాను. నాలుగో ఆదివారానికి ముందు రోజు తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టాను.

ఆ పిల్ల ఫిర్యాదు చదవలేదు. జిరాక్సు చూసింది. నన్ను చూసింది. పెట్టెలోంచి ఒక కవరు తీసి, అన్నీ కలిపి పట్టుకుని లోపల ల్యాబ్ డాక్టరు గదిలోకి వెళ్ళింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పుస్తకంలో ఉన్నది ఆవిడ పుట్టింటి వాళ్ళు పెట్టిన పేరు. పెళ్ళయిన ఆరేళ్ళకి ఇద్దరం బాప్తిస్మం తీసుకున్నాం. అప్పట్నుంచీ పాస్టరుగారు పెట్టిన పేరుతోనే పిలుస్తున్నాను. ప్లాంటు కాగితాల్లో మార్చాలంటే దుర్గ్ కోర్టు చుట్టూ తిరగాలన్నారు, డ్యూటీ పోతుందని మానేశాను. ముక్క తీసినచోట ఆ పుస్తకం చూసే, ముక్క వేసిన సీసా మీద పేరు రాసుకున్నారు. ఆ పాత పేరు నా నోట పలికి నలభై ఏళ్ళు దాటింది. జిరాక్సు నా చేతులతో నేనే తీయించినా నాకు కనబడలేదు.

కుర్చీలో కూర్చున్నాను. పేరు తప్పు నాది, సరే. కవరులో ఏముంది? లేచి వెళ్ళి నా ఫిర్యాదు వెనక్కి లాక్కోవాలనిపించింది. ఇంకో వారం లేదనే చెప్పండి, చాలు అని అడగాలనిపించింది. ఆ గది తలుపు వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆ పిల్ల వచ్చి కవరూ, ఫిర్యాదూ నా ఒళ్ళో పెట్టింది. నా కాగితం వెనకే డాక్టరు హిందీలో జవాబు రాశాడు. అందులో ఉన్నది ఇది:

"మీరడిగిన పేరు మీద మా దగ్గర రిపోర్టు లేదు. మీరే జత చేసిన పుస్తకంలోని పేరు మీద, మీరు అడగడానికి వచ్చిన మొదటి సోమవారం నుంచీ ఉంది. గడ్డలో క్యాన్సర్ లేదు. ముందు ఇంటికి వెళ్ళి మాతాజీకి ఈ మాట చెప్పండి, మా మీద కోపం తరువాత పడుదురు గాని. ఈసారైనా ఫోన్ నంబరు రాసి వెళ్ళండి."