బెల్లం నీళ్లు చల్లిన ఆకు

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే పక్కన పెట్టనక్కర్లేదు, చిక్కుళ్లు గిల్లుతూ కూడా వినొచ్చు. మా పెరట్లో పెరిగిన పొగాకు గురించి, దాన్ని తాగిన మా ఆయన గురించి, ఆ ఆకు వాసనను ఒక మిషన్‌లోకి ఎక్కించాలని మా మరిది పడ్డ తిప్పల గురించి చెబుతాను.

మాది దేవరకొండకు అవతల గుట్ట వాలులో ఉన్న ఊరు. ఇల్లు కింద, బత్తాయి తోట పైన. పొద్దున చాయ తాగి, చుట్ట వెలిగించి, ఆ వాలు ఎక్కి తోటకు పోవడం ఆయనకు చిన్ననాటి నుంచి అలవాటు. ఆ చుట్టకు కావలసిన ఆకు కొన్నది కాదు. స్నానం చేసిన నీళ్లు పారే కాలువ పక్కన నాలుగు సాళ్లు వేసేవాడు. విత్తనం వాళ్ల నాయిన కాలం నాటిది, దుమ్ములాగా ఉంటుంది. చేత్తో చల్లితే గాలికి పోతుందని బూడిదలో కలిపి చల్లేవాడు. మొక్క ఎదిగి మొగ్గ వేయగానే తల తుంచేవాడు. ఆకు దళసరి అయ్యాక కోసి, దారానికి గుచ్చి కొట్టంలో వేలాడదీసేవాడు. అప్పుడు చేతులకు పట్టే జిగురు సబ్బుతో పోదు. ఆ వేళ్లతోనే అన్నం కలుపుకుని, చేదుగా ఉందని కూరను తిట్టేవాడు.

అక్కడి దాకా మగవాళ్ల పని. ఆ తర్వాతిది ఆడవాళ్లది. ఎండిన ఆకును మధ్యాహ్నం ముట్టుకుంటే పొడి అయిపోతుంది. చలికాలం పొద్దున, మంచు పట్టి ఆకు మెత్తబడ్డప్పుడే దించాలి. దించిన ఆకు మీద బెల్లం నీళ్లు చల్లాలి. ఎంత బెల్లం అంటే లెక్క లేదు. వేలు ముంచి నాకితే తీపి తెలిసీ తెలియనట్టు ఉండాలని మా అత్త చెప్పింది. ఆమెకు వాళ్ల అత్త చెప్పి ఉంటుంది. చల్లిన ఆకును గోనెసంచిలో చుట్టి, మీద పాత తిరుగలి రాయి పెట్టి ఉంచితే, విప్పేనాటికి ఇల్లంతా ఒక వాసన. కొంచెం పులిసిన తీపి, కొంచెం ఎండుగడ్డి, కొంచెం పాత చెక్కపెట్టె. మా ఊళ్లో పొగాకు పెట్టుకున్న ఇళ్లు ఇంకొన్ని ఉండేవి. కానీ ఎవరి చుట్ట వాసన వాళ్లదే. వీధి మలుపులో ఉండగానే ఆయన వస్తున్నట్టు నాకు తెలిసేది, పొయ్యి మీద కూర దించేదాన్ని.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయనకు ఆయాసం మొదలైంది. మొదట తోటకు పోయే దారి మధ్యలో ఒక బండ మీద కాసేపు కూర్చునేవాడు. తర్వాత ఆ బండ దగ్గర్నుంచే వెనక్కి రావడం మొదలుపెట్టాడు. తోటలో కాయ తెంపుతుంటే కింద కూర్చుని, పైన ఎవరు ఏ చెట్టు దగ్గర ఉన్నారో అరిచి అడిగేవాడు. ఆ అరుపుకు కూడా దగ్గు వచ్చేది. దవాఖానలో డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి విని, పొగ మానకపోతే వచ్చే ఏటికి మంచం నుంచి వాకిట్లోకి రావడం కూడా కష్టమవుతుందని చెప్పాడు. ఆయన అన్నీ విని, బయటికి వచ్చి, ఆటో ఎక్కేముందు చుట్ట వెలిగించాడు.

"ఇప్పుడే గదా చెప్పిండు?" అన్నాను.

"గందుకే. ఫికరైతాంది" అన్నాడు.

మానడానికి ప్రయత్నం చేయలేదని అనను. సోంపు నమిలాడు, లవంగం బుగ్గన పెట్టుకున్నాడు. రెండు పూటలు గడిచేసరికి ఇంట్లో అందరి మీదా అరిచేవాడు. బర్రె మీద కూడా అరిచాడు. మళ్లీ చుట్ట వెలిగేది, ఇల్లు నిమ్మళమయ్యేది.

మా మరిది పట్నంలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడు. అన్న సంగతి విని, వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు చేతిలో పెన్నులాంటి ఒక మిషన్ తెచ్చాడు. అందులో రసం పోస్తారట. లోపల సన్నని తీగ చుట్టి ఉంటుంది, అది కాగితే రసం ఆవిరై వస్తుందట.

"అన్నా, నిప్పు లేకుంట పొగ ఇస్త. జర గుంజి సూడు."

"నిప్పు లేని పొగ యాడ దొరికిందిరా? పట్నంల మంత్రాలు గిట్ల నేర్చినవా?"

గుంజాడు. మొహం అదోలా పెట్టాడు.

"గిదేందిరా! మామిడికాయ చాక్లెట్ సప్పరిచ్చినట్టున్నది. నన్ను మళ్ల బడికి తోలుతున్నవా?"

"పుదీనది ఉన్నదన్నా. పాన్‌ది ఉన్నది."

"పుదీన మీ వదినె చట్నీ చేస్తది. దానికి మిషన్ ఎందుకు?"

మరిది చిన్నబుచ్చుకున్నాడు. రెండు రోజులు మిషన్‌ను జేబులోంచి తీయలేదు. మూడో పొద్దున కొట్టంలో మిగిలిన ఆకు కట్ట విప్పి వాసన చూస్తూ నా దగ్గరికి వచ్చాడు.

"వదినె, అన్నకు నచ్చనిది మిషన్ గాదు, దాంట్ల రసం. మన ఆకు వాసననే దాంట్లకు దించితే? పట్నంల నా దోస్తు చేస్తడు. ఆకు నానబెట్టుడు, వడగట్టుడు, అంతే."

"అంతే అంటే ఎవరు చెయ్యాలె?"

"ఇద్దరం."

నాకు ఆ మిషన్ మీద నమ్మకం లేదు. కానీ అన్నతో చుట్ట మాన్పించడానికి ఇంత దూరం వచ్చినవాడు ఇంకొకడు లేడు. సరే అన్నాను.

పట్నం నుంచి రెండు సీసాలు తెప్పించాడు. ఒకటి గ్లిజరిన్, ఇంకొకటి నీళ్లలాగే ఉండి నీళ్లు కాని మందు. ఆకును కత్తెరతో సన్నగా కత్తిరించాడు. నా కత్తిపీట అడిగితే ఇవ్వలేదు. ఆకు వేసి ఆ రెండూ పోసిన జాడీని వేడి నీళ్లలో పెట్టడానికి పెద్ద గిన్నె కావాలని వంటింట్లోకి వచ్చాడు.

"నా చారు గంజు ముట్టినవనుకో, ఇయ్యాల్టికెళ్లి నీకు పొగాకు చారే" అన్నాను.

"పోస్తే తాగుతనా, వదినె? గా బర్రె కుడితి గంజన్న ఇయ్యి."

అదే ఇచ్చాను. వేలు పెడితే ఓర్చుకునేంత వేడి నీళ్లలో జాడీని కూర్చోబెట్టాడు. నీళ్లు మసిలితే వాసన ఎగిరిపోతుందట, ఆకు ఉడికిన కంపు మిగులుతుందట. పగలు జాడీని నల్లగుడ్డలో చుట్టి ఎండకు మిద్దె మీద పెట్టేవాళ్లం. కొన్నాళ్లకు రసం నల్ల చాయలాగా అయింది. పాత ధోవతి గుడ్డలో పిండాం. తర్వాత గరాటులో దూది కూరి వడగట్టాం. బొట్టు బొట్టుగా దిగేది. ఒక బొట్టు పడి ఇంకొకటి పడేలోపు నేను వెల్లుల్లి రెబ్బ ఒలిచేదాన్ని. మళ్లీ కొత్త దూది, మళ్లీ వడగట్టుడు. చివరికి తేటపడింది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు చలికాలం పొద్దున గోనెసంచి విప్పినట్టే అనిపించింది. దాన్ని చాలా పలచన చేసి, "నిషా ఎంతున్నదో మనకు తెల్వది" అంటూ మిషన్‌లో కొంచెమే పోశాడు మరిది.

ఆయన గడప మీద కూర్చుని గుంజాడు. కళ్లు మూసుకున్నాడు.

"మన కొట్టమే" అన్నాడు. "అవ్వ కూసున్న మూల." అవ్వ అంటే వాళ్ల అమ్మ, మా అత్త.

మరిది నా వైపు చూసి నవ్వాడు. ఆయన ఇంకోసారి గుంజాడు, ఇంకోసారి. ఆ తర్వాత ఆయన మెడ నరాలు లేచాయి. దగ్గు అందుకుంది. ఆగలేదు. ఊపిరి లోపలికి తీసుకునే సందు కూడా ఇవ్వలేదు. పెదవులు నల్లబడ్డాయి. మరిది వీపు నిమురుతూ "అన్నా, అన్నా" అనడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. నేను డాక్టరు ఇచ్చిన పీల్చే మందు తెచ్చి నోట్లో పెట్టాను. చాలాసేపటికి ఊపిరి కుదురుకుంది. అప్పటికి వాకిలంతా ఒక కంపు ఉందని తెలిసింది. మాకు బాగా తెలిసిన కంపే, ఎక్కడిదో వెంటనే తట్టలేదు.

మరిది మిషన్ విప్పాడు. లోపలి తీగ మీద నల్లగా, గట్టిగా పెచ్చు కట్టి ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. నాకూ చూపించాడు. అరిసెల పాకం మాడితే గిన్నె అడుగున మిగిలేది అదే.

"బెల్లం, వదినె."

బెల్లమే. ఆకుతో పాటు అదీ రసంలోకి దిగింది. దూదిలో ఎన్నిసార్లు వడగట్టినా కరిగిన తీపి నిలవదు కదా. చుట్టలో నిప్పు దాన్ని ఆకుతో పాటు బూడిద చేస్తుంది. ఈ సన్నని తీగ పాకం పట్టి మాడ్చింది. పొగాకు అంటే బెల్లం చల్లినదేనని పుట్టినప్పటి నుంచి అనుకున్న ఇంట్లో, అది వేరు ఇది వేరు అని ఎవరికి తడుతుంది?

ఆయన గోడకు ఆనుకుని, తువాలతో కళ్లు తుడుచుకుని అన్నాడు: "ఇన్నేండ్లు సల్లింది నువ్వు. ఇయ్యాల పాకం తాగిపిచ్చింది వీడు. ఇద్దరు కలిసి మంచిగనే చేసిర్రు."

అన్నాడే కానీ ఆయన భయపడ్డాడు. ఆ సాయంత్రం చుట్ట ముట్టుకోలేదు.

మరిది మిషన్‌ను పారేస్తానన్నాడు. ఆయనే వద్దన్నాడు. ఆ రెండు మూడు దమ్ములలో తగిలిన కొట్టం వాసన ఆయన్ను వదల్లేదు. బెల్లం లేని ఆకు సంతలో తెస్తానని మరిది అంటే తల అడ్డంగా ఊపాడు.

"ఎవని చేన్ల పెరిగిందో, ఎవడు తల తుంచిండో! పరాయి ఆకు నాకెందుకు? వానలు పడంగ మనదే ఏస్త. ఒక సాలు బెల్లం సల్లకుంట ఎండబెడుదం."

"అయితే గప్పటిదాంక చుట్ట బంద్ పెట్టన్నా" అన్నాడు మరిది. "నాలుక మీద మసి ఉంటే నీకు రుచేం తెలుస్తది? మంచిగున్నదో లేదో చెప్పవలసింది నువ్వే."

నేనూ డాక్టరూ చెబితే విననివాడు ఆ మాటకు ఆలోచించాడు. ఆకు మంచిచెడు చూడడంలో ఊళ్లో ఆయన మాటకు విలువ ఉండేది. ఎవరైనా కట్ట తెచ్చి చేతిలో పెడితే, నలిపి వాసన చూసి, నీళ్లు ఎక్కువ పెట్టారనో తల ఆలస్యంగా తుంచారనో చెప్పేవాడు. ఆ నాలుకకే మసి పట్టిందంటే ఊరుకోలేకపోయాడు.

"సరే, గట్లనే కానియ్యి" అన్నాడు.

ఆ వేసవి మా ఇంట్లో ఎవరికీ సుఖంగా గడవలేదు. చాయలో చక్కెర ఎక్కువైందని గొడవ, తక్కువైందని గొడవ. మిగిలిన బెల్లం ఆకు కట్టను నేనే ఎరువు కుప్పలో వేశాను, ఆయన చూస్తూ ఊరుకున్నాడు. దగ్గరి చుట్టాల దినానికి పోయి వచ్చినప్పుడు తువాలకు చుట్ట వాసన వచ్చింది. అడగలేదు. ఆయనా చెప్పలేదు. వానలు పడ్డాయి. బూడిదలో కలిపి విత్తనం చల్లాడు. మొక్కలు లేచాక రోజంతా పెరట్లోనే ఉండేవాడు. ఆకు మీద పురుగు కనిపిస్తే చేత్తో ఏరేవాడు, మందు కొట్టనివ్వలేదు. మధ్యలో ఎప్పుడో, ఆయన వంగి లేస్తున్నా రొప్పడం లేదని నాకు తెలిసింది. చెబితే దిష్టి తగులుతుందని నోరు మూసుకున్నాను.

చలికాలం మంచులో ఆకు దించాం. మిగతా వాటికి, ఊళ్లో అడిగినవాళ్లకు ఇవ్వడానికని, మామూలుగా బెల్లం నీళ్లు చల్లి, ఒక కట్టను మాత్రం నీళ్లు కూడా తగలకుండా పక్కన పెట్టాం. మరిది వచ్చాడు. అదే జాడీ, అదే గంజు, అదే దూది. ఈసారి రసం పసుపు రంగులో దిగింది. మిషన్‌కు కొత్త తీగ వేశాడు. పీల్చే మందు నా కొంగులో పెట్టుకుని నిలబడ్డాను.

ఆయన చిన్నగా గుంజాడు. దగ్గు రాలేదు. ఏ కంపూ లేదు. కాసేపు ఆగి మళ్లీ గుంజాడు.

"ఎట్లున్నదన్నా?"

"మంచిగ చేసినవ్ తమ్మీ. ఆకు మనదే, ఎర్రనేల వాసన గూడ తెలుస్తాంది." మిషన్‌ను తమ్ముడి చేతిలో పెట్టాడు. "కానీ దీంట్ల మన ఇల్లు లేదు. అవ్వ లేదు, మీ వదినె లేదు. ఒట్టి ఆకు."

"బెల్లం వాసన వేరే కలుపుదమా?"

"వద్దు తియ్యి. ఇన్నొద్దులు లేకుంట ఉన్న గదా. ఇది లేకుంట గూడ ఉంట."

అని లేచి, చెప్పులు వేసుకుని వాలు ఎక్కాడు. మరిది వెనకే పోబోతే నేను ఆపాను. కింద నుంచి చూస్తూ నిలబడ్డాం. బండ దగ్గర కూర్చున్నాడు. ఇక తిరిగి వస్తాడనుకున్నాను. లేచి, పైకే పోయాడు. కొంతసేపటికి తోట నుంచి అరుపు వినిపించింది, ఏ చెట్టుకో పాదు చేయలేదని మమ్మల్ని తిడుతున్నాడు. తిట్టినంతసేపూ దగ్గలేదు.

తర్వాత కొన్నేళ్లకు ఆ మిషన్లు అమ్మొద్దని సర్కారు బంద్ పెట్టిందని టీవీలో చెప్పారు. అప్పటికే మరిది దాన్ని ఎక్కడో పడేశాడు. దవాఖానలో ఈ సంగతంతా చెబితే, అది కూడా రొమ్ములోకి పోవలసింది కాదని డాక్టరు కోప్పడ్డాడు. ఊపిరి మునుపటంత కాలేదు, చలికాలంలో ఇప్పటికీ పిల్లికూతలు వస్తాయి. పెరట్లో ఇప్పుడు ఒక సాలు పొగాకే ఉంటుంది. తల తుంచడు. గులాబీరంగు పూలు పూసి విత్తనం పడేదాకా ఉంచుతాడు.

మొదటిసారి చేసిన బెల్లం రసం సీసా మాత్రం మా అటుక మీద, పిల్లలకు అందకుండా ఉంది. మరిది పారబోయబోతే ఆయనే దాచాడు. పొద్దున చాయ తాగాక దించి, మూత తీసి, ఒకసారి వాసన చూసి, మూత బిగించి, తోటకు పోతాడు.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంటి మగవాళ్లు, ఆడవాళ్లు ఏ వాలయినా రొప్పకుండా ఎక్కాలి. మీ కొట్టంలో పాడి, అటుక మీద గింజ నిండుగా ఉండాలి. మీ వాళ్లు వీధి మలుపు తిరిగేసరికి మీ పొయ్యి మీద కూర వేడిగా ఉండాలి. చల్లగా ఉండండి.