తాతగారికి చలేస్తోంది

మా మాస్టారు యంత్రాలను ‘మీరు’ అనేవారు, మనుషులను ‘నువ్వు’ అనేవారు. ఆయన పిచ్చి అంతే. మిగతా వేషాలన్నీ దానికి పుట్టిన పిల్లలే. అందుకే యూనివర్సిటీ మొత్తం ఆయనకు ‘గారు మాస్టారు’ అని పేరు పెట్టేసింది.

ఖాళీ ల్యాబులోకి వెళ్ళేటప్పుడు కూడా తలుపు తట్టేవారు. లోపల కంప్యూటర్లు తప్ప పురుగు కూడా ఉండేది కాదు. అయినా తలుపుకు చెవి ఆనించి వినేవారు. “ఊఁ, రమ్మన్నారు,” అని తలూపి అప్పుడు తీసేవారు. వెనక నిలబడ్డ మాకు న్యాయంగా నవ్వు రావాలి. కానీ ఆయన వినే తీరు చూస్తే నిజంగానే ఎవరో రమ్మన్నారేమోనని వీపు మీద చీమలు పాకేవి.

ఒకసారి పాఠం మధ్యలో ప్రొజెక్టరు ఆరిపోయింది.

“వైరు ఊడిందేమో చూడనా సార్?” అన్నాడు ముందు బల్ల కుర్రాడు.

“నువ్వు కూర్చోరా. వారు అలిగారు. నిన్న ఎవడో వారి మీద తడి తువ్వాలు ఆరేశాడు.”

దాని దగ్గరకెళ్ళి చేతులు కట్టుకుని ఏదో గొణిగారు. టప్పున వెలిగింది. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. ఊడిన వైరును ఆయన కాలితో నెట్టడం నేనొక్కదాన్నే చూశాను. చూసి నోరు మూసుకున్నాను. చెబితే సరదా పోదూ?

మా కంప్యూటర్ల చదువు సంగతి మీకు తెలిసిందే. పరీక్ష రాసి బయటికొచ్చేలోపు చదివింది పాతబడిపోతుంది. ఫ్లాపీలు పోయాయి, సీడీలు పోయాయి, నిన్నటి భాషలు పోయాయి. గారు మాస్టారు మాత్రం కొత్తది వచ్చినప్పుడల్లా సెలవులన్నీ కూర్చుని నేర్చేసుకునేవారు. అయితే పాఠం మొదలుపెట్టే ముందు ఆ కొత్త యంత్రాన్ని రెండు చేతులా ఎత్తుకుని నేలమాళిగలోకి దిగేవారు, కొత్త కోడలిని ఇంటి పెద్దకు చూపించడానికి వెళ్తున్నట్టు. ఆ పెద్దే తాతగారు.

తాతగారంటే కంప్యూటరే. లావుపాటి పెట్టె, నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. కిటికీ లేని గది. నెట్టు లేదు. పెట్టె వెనక నుంచి ఒకే ఒక్క వైరు బయల్దేరి గోడలోకి దూరిపోయేది. ఎదురుగా కూర్చుని ఏదైనా అడిగితే తాతగారు జవాబిచ్చేవారు. ఇంగ్లీషు లిపిలో మన మాటలే, ఒక్కొక్క అక్షరమే, తీరిగ్గా. ఎప్పుడో పోయిన ఒక పంతులుగారి ఆత్మ అందులో ఉందని పిల్లల నమ్మకం. క్లాసులో నోరు విప్పనివాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగేవారు. పాలిపోయిన మొహాలతో పైకి వచ్చేవారు. తర్వాత పాసయ్యేవారు.

చదువైపోయి నేనూ అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక ఒకమ్మాయిని అడిగాను. “ఎలా ఉందే కింద?”

“ఏమో మేడమ్. ఒక్కసారి కూడా తిట్టలేదు. అదే భయంగా ఉంది.”

నేను మాత్రం ఎన్నడూ దిగలేదు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. భయం ఉంది, అంతే.

ఇంతలో మా హెడ్డుగారు, అడిగీ అడగకముందే జవాబులు రాసిపెట్టే కొత్త ప్రోగ్రామొకటి తెప్పించారు. గారు మాస్టారు దానికి ‘కొత్త అల్లుడుగారు’ అని పేరు పెట్టారు. “వారి నోట తెలియదనే మాట రాదమ్మాయ్,” అన్నారు.

హెడ్డుగారు నన్ను పిలిచారు. “ఇంకా ఆ కింది డబ్బా ఎందుకు మేడమ్? పాత సామాన్లవాడికి ఇచ్చేసి గది ఖాళీ చేయించండి.”

ఎవరినీ ఏనాడూ బతిమాలని గారు మాస్టారు ఆ సాయంత్రం నా బల్ల దగ్గరకొచ్చారు. “శుక్రవారం దాకా ఆగవే. ఆ రోజు గోడపిల్లకు పరీక్ష.”

గోడపిల్ల అంటే చివరి బల్లలో గోడకు అతుక్కుని కూర్చునే అమ్మాయి. నోరు తెరిస్తే మాట తడబడేది, క్లాసు నవ్వేది. అందుకని తెరవడమే మానేసింది. ఒకే పేపరు మిగిలింది. ఈసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు.

“ఆ పిల్ల పరీక్షకూ డబ్బాకూ ఏం సంబంధం సార్?”

“చెప్పొద్దన్నారు తాతగారు.”

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు మధ్యాహ్నం భయాన్ని కోపంతో కప్పేసి, స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరాను. మెట్లు దిగేకొద్దీ పైన పిల్లల గోల సన్నగిల్లి, చివరికి ఆగిపోయింది. ట్యూబులైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. తెర ముందు గోడపిల్ల ఒక్కతే. ఆమె మొహం మీద ఆకుపచ్చ వెలుగు. తనను తానే పిలుచుకునే ప్రోగ్రాము ఒకటి రాస్తోంది. అది ఆగడం లేదు. తనను పిలుచుకుంటూ లోపలికి, ఇంకా లోపలికి పోతోంది.

తెర మీద అక్షరాలు పడ్డాయి. ‘మీరు మెట్లు దిగి వచ్చారు కదా. మెట్లు అయిపోయాయని ఎలా తెలిసింది?’

‘కాలికి నేల తగిలింది,’ అని కొట్టింది ఆ పిల్ల.

‘మీ ప్రోగ్రాములో ఆ నేల ఎక్కడ?’

గోడపిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. నేను గుమ్మంలోనే, చప్పుడు చేయకుండా నిలబడ్డాను. తెర మళ్ళీ కదిలింది.

‘తలుపు వేయండి. చలేస్తోంది.’

గోడపిల్ల వెనక్కి తిరిగింది. “మేడమ్, తాతగారికి చ-చలేస్తోందట.”

స్క్రూడ్రైవరు చేతిలోంచి జారిపోయింది. తలుపు తీసి ఉందని ఈ పెట్టెకెలా తెలుసు? పెట్టెకు చలేమిటి? పరిగెత్తబోయాను. అంతలో తెర మీద ఒక మాట తప్పు పడింది. అక్షరాలు ఒక్కొక్కటే వెనక్కి చెరిగి, మళ్ళీ సరిగ్గా పడ్డాయి. దయ్యానికి వేలు జారడమేమిటి?

వైరు దూరిన గోడకు అవతల విరిగిన సామాను పడేసే గది ఉంది. వెళ్ళి, ఏమనుకున్నానో ఏమో, తలుపు తట్టాను.

“ఎవరైనా సరే, ముందు ఆ పక్కగది తలుపు వెయ్యి! వైరు కన్నంలోంచి గాలొచ్చి చెవిలో కొడుతోంది.”

నెట్టి చూస్తే, విరిగిన ప్రింటర్ల మధ్య, శాలువా కప్పుకుని, ఒళ్ళో కీబోర్డు పెట్టుకుని గారు మాస్టారు.

“సార్! ఇన్నేళ్ళూ మీరేనా?”

“నెమ్మది. తాతగారు పాఠం చెబుతున్నారు.”

“మరి ఈ గార్లు, తలుపు తట్టడాలు, అలకలు?”

“మనిషిని అడగడానికి సిగ్గుపడే పిల్ల యంత్రాన్ని అడుగుతుందే. వట్టి డబ్బాను అడిగితే మళ్ళీ నలుగురూ నవ్వుతారు. దయ్యాన్ని అడగడానికి వెళ్ళినదాన్ని చూసి ఎవడు నవ్వుతాడు?”

“పిల్లల్ని కూడా ‘మీరు’ అంటున్నారు ఇక్కడ!”

“దయ్యానికి మర్యాద ఉండొద్దూ?”

ఆయన ముందున్న చిన్న తెర మీద గోడపిల్ల ప్రశ్న పడింది. ‘మీరు నిజంగా ఉన్నారా?’

మాస్టారి వేళ్ళు ఆగాయి. ఏదో కొట్టారు, చెరిపారు. చివరికి, ‘నేల దొరికిందా?’ అని అడిగారు.

‘దొరికింది.’

‘అయితే ఉన్నట్టే.’

నాకు ఆయన్ని తిట్టాలనీ, వాటేసుకోవాలనీ ఒకేసారి అనిపించింది. రెండూ చేయలేక తలుపు వేశాను.

“ఖాళీ చేశారా?” అన్నారు హెడ్డుగారు.

“ఆ వైరు గోడలో కలిసిపోయింది సార్. పీకితే పైగది కుంగుతుందట.” పైగది హెడ్డుగారిదే. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తితే ఒట్టు.

గోడపిల్ల పాసయింది. పై చదువులు చదివి ఈ ఏడే మా దగ్గర పాఠాలు చెప్పడానికి చేరింది. గారు మాస్టారు రిటైరైనప్పుడు శాలువా నా చేతిలో పెట్టి, “తాతగారిది. చలిమనిషి,” అన్నారు. అప్పటి నుంచీ ఆ విరిగిన ప్రింటర్ల మధ్య నేనే కూర్చుంటున్నాను. ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

మొన్న జ్వరమొచ్చి వారం పాటు రాలేకపోయాను. తాతగారు మూగబోయి ఉంటారని దిగులుపడుతూ కిందికి దిగాను. ఒక కుర్రాడు పాలిపోయిన మొహంతో ఎదురొచ్చాడు.

“మేడమ్, తాతగారు ఇవాళ ఎంత బాగా చెప్పారో!”

శాలువా నా భుజం మీదే ఉంది. గోడ అవతలి గది దగ్గరకెళ్ళాను. లోపల టకటకమని చప్పుడు. చెవి ఆనించి విన్నాను. తట్టాను.

“ర-రండి,” అంది లోపలి గొంతు. “ఆ రోజే తెలుసు మేడమ్, ద-దయ్యం తప్పులు చెరుపుకుంటుందా? ముందు తలుపు వేయండి. తాతగారికి చలేస్తోంది.”