సీను బావ కారు కింద అట్ట

నిన్న పొద్దున ఫోన్ చేసింది కుమారి. మా సీను బావ భార్య.

"అన్నయ్యా, మీ బావ లేవట్లేదు."

అంతే అంది.

నేను ఆగిరిపల్లి నుంచి వాళ్ల తోటకి చేరేసరికి డాక్టర్ వచ్చి చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట. ముందు రోజు సాయంత్రం నాతో టీ తాగిన మనిషి.

ఇంకా నమ్మకం కుదరడం లేదు.

నేను మాట్లాడేవాణ్ణి కాదు. రోజూ డైరీలో రెండు లైన్లు రాసుకుంటాను, అంతే. ఈ పోస్ట్ కూడా పెట్టేవాణ్ణి కాదు.

కానీ రాత్రి ఇంకొకాయన పోస్ట్ చూశాను.

నూజివీడు రోడ్డులో గ్యారేజీ ఆయన. పేరు రాయను. బావకి దండ వేస్తున్న ఫొటో పెట్టి, "నా శిష్యుడు. ఇంజన్ పని నేర్పింది నేనే" అని రాశారు. కింద అందరూ దండాలు పెట్టారు.

అందుకే నాలుగేళ్ల కిందటి సంగతి చెప్పాలి.

అప్పుడు బావ పాత తెల్ల కారు ఇంజన్ ముందు వైపు నుంచి ఆయిల్ కారేది. కుమారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ గ్యారేజీకి తీసుకెళ్లాడు. ఆయన బానెట్ ఎత్తి చూసి, "క్రాంక్ పోయింది. ఇంజన్ దించాల్సిందే" అన్నారట.

"ఎక్కడ కారుతుందో ఒకసారి చూపిస్తారా అండీ?" అని అడిగాడు బావ.

"నీకు చూపిస్తే అర్థమవుద్దా? కాయలు కోసుకునేవాడివి!"

భార్య ముందు. పనివాళ్లందరూ నవ్వుతుండగా.

బావ కారు వెనక్కి తిప్పుకొచ్చేశాడు. పది రోజులు ఇద్దరం ఫోన్‌లో వీడియోలు చూశాం. పోయింది క్రాంక్ అనే ఇరుసు కాదు. అది బయటికి వచ్చే చోట చుట్టూ ఉండే రబ్బరు సీల్ గట్టిపడింది. అరచేతిలో పట్టే రింగు. దానికి ఇంజన్ దించక్కర్లేదు.

మామిడికాయలు ప్యాక్ చేసే షెడ్డులో పని మొదలుపెట్టాం.

సీల్‌కి అడ్డంగా ఉండే పుల్లీ చక్రం బోల్టు ఊడలేదు. స్పానర్‌కి ఇనుప పైపు తగిలించి ఇద్దరం వేలాడాం. ఇంజన్ తిరగకుండా కారుని గేర్‌లో పెట్టి, బ్రేక్ మీద కుమారిని కూర్చోబెట్టాం.

"ఇంకా ఎంతసేపు తొక్కాలండీ?" అంది.

"ఆ గ్యారేజీ ఆయన మొహం తలుచుకుని తొక్కు" అన్నాడు బావ.

బోల్టు ఊడింది. ముగ్గురం పడీపడీ నవ్వాం.

లోపలి బెల్టు తీసేముందు, మళ్లీ సరిగ్గా అదే చోట బిగించడానికి కుమారి గోళ్ల రంగుతో గుర్తులు పెట్టాం. పాత సీల్ పీకి, తోటలో నీళ్ల పైపు ముక్క ఆనించి, చుట్టూ సమంగా తడుతూ కొత్తది దించాం.

మర్నాడు మళ్లీ కారింది.

అదీ సరిగ్గా ఆ గ్యారేజీకి ఎదురుగా, టీ కొట్టు దగ్గర. ఆయన ఆ మరకని ఫొటో తీసి, తనూ ఉన్న మా మామిడి రైతుల గ్రూప్‌లో పెట్టారు. "మామిడికాయ మెకానిక్కుల పనితనం" అని. గ్రూప్ మొత్తం నవ్వుల బొమ్మలు. మా సొంత పెదనాన్నతో సహా.

 బావ ఇంటికొచ్చి మళ్లీ మొత్తం విప్పాడు.

సీల్ లోపలి అంచు కింద ఒక గడ్డిపోచ. కనురెప్ప వెంట్రుకంత.

కాయల కింద పరిచే వరిగడ్డి మీద కొత్త సీల్ పెట్టింది నేనే. ఆయిల్ రాసిన రబ్బరుకి పోచ అంటుకుంది. తప్పు నాది. బావ ఆ మాట చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. నవ్వులన్నీ తనే భరించాడు.

ఆ పోచ ఇప్పటికీ నా డైరీలో ఆ రోజు పేజీకి అంటించే ఉంది.

రెండోసారి షెడ్డంతా ఊడ్చి, ఉతికిన పంచె పరిచి ఇంకో సీల్ వేశాం. అప్పటినుంచి రోజూ రాత్రి కారు కింద కాయల పెట్టె అట్ట ఒకటి పరిచేవాడు. పొద్దున్నే తీసి చూసి నాకు ఫొటో పంపేవాడు. పొడి అట్ట. నాలుగేళ్లు పొడి అట్టే.

తర్వాత చుట్టుపక్కల తోటల్లో ఏ ఇంజన్ కారినా జనం బావ దగ్గరికే వచ్చేవారు. అడిగిన ప్రతివాడికీ కారే చోటు వేలితో చూపించి మరీ చెప్పేవాడు.

"ఆ ఫొటోకి జవాబు పెట్టు బావా" అని ఎన్నిసార్లు అన్నానో.

"గ్రూప్‌లో ఎందుకురా? ఒకరోజు ఆయన గుమ్మం ముందే పరిచి చూపిద్దాం" అనేవాడు.

ఆ రోజు రాకుండానే వెళ్లిపోయాడు.

ఈ పొద్దున కుమారిని కారు తాళాలు అడిగాను. ఎందుకని అడగలేదు. షెడ్డులోంచి కొత్త అట్ట తనే తెచ్చిచ్చింది.

నూజివీడు దాకా వెళ్లొచ్చి, వేడి ఇంజన్‌తో కారుని ఆ గ్యారేజీ గుమ్మం ముందు ఆపాను. కింద అట్ట పరిచాను. గంటసేపు పక్కనే నిలబడ్డాను. పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి వంగి చూశారు.

చివరికి ఆయన వచ్చారు. "ఏంటండీ ఇది? దారికి అడ్డం పెట్టారు."

"మీ శిష్యుడి పనితనం అండీ. చూస్తే అర్థమవుద్ది" అన్నాను.

నా జీవితంలో ఒక మనిషిని నొప్పించాలని అన్న మాట అదొక్కటే. బాధ లేదు.

ఆయన కిందికి చూశారు. లోపలికి వెళ్లిపోయారు. నేను ఇంటికి చేరేలోపే ఆ పోస్ట్ తీసేశారు.

తీసేసినా నేనిది ఉంచుతాను. అట్ట ఫొటో కింద పెట్టాను, మామిడి రైతుల గ్రూప్‌లో కూడా పెట్టాను. ఆ రోజు నవ్వినవాళ్లందరూ చూడండి. పెదనాన్నా, మీరు కూడా.

ఆ గ్యారేజీ ఆయనకి మనశ్శాంతి ఉండాలని నేను కోరుకోను.

నీకు మాత్రం ఉండాలి బావా. అట్ట పొడిగానే ఉంది. రేపటి నుంచి నేను చూస్తాను.

ఇక హాయిగా పడుకో.